తెల్లదారం కట్టిన మొక్క

థోంగ్లా గోళ్లలో మట్టి లేని రోజును నేను చూడలేదు. బౌద్ధులు వ్రతం పట్టే ఉపోసథం నాడు తెల్లబట్టలు కట్టుకొని, పూలు పట్టుకొని విహారానికి వచ్చినప్పుడు సైతం, అంజలి ఘటించిన ఆ చేతుల గోరంచున సన్నని నల్లగీత కనిపించేది. తోటను ఇంటి దగ్గర విడిచి రావడం ఆమెకు సాధ్యపడలేదు.

ఆ తోట పెద్దదేమీ కాదు. ఫూఫాన్ కొండల దిగువన, మా బాన్ నాఖం గ్రామంలో, ఆమె వంటపాక వెనుక పట్టుమని పది బారలు లేని నేల. నాలుగు కాళ్ల మీద ఎత్తుగా నిలిపిన చెక్కతొట్టిలో ఉల్లికాడలు, దాని నీడన సోయకూర, వెదురు పందిరి మీద మూరెడేసి అలసందకాయలు, గుండ్రని పచ్చవంకాయలు, మిరప, తులసి, కంచె నిండా దొండతీగ. నిమ్మగడ్డి దుబ్బులకు వంగచెట్లకు నడుమ రెండో మూడో గంజాయి మొక్కలు. కొత్తగా వచ్చినవారి చూపు మొదట వాటి మీద పడదు. కూరగాయల వరుసలో అవీ కూరగాయల వలెనే నిలిచి ఉంటాయి.

తోటకు తలుపు ఉంది, గొళ్లెం లేదు. పొయ్యి మీద పులుసు ఉడుకుతుండగా ఆకు చాలని ఇల్లాలు ఎవరైనా లోపలికి వచ్చి నాలుగాకులు కోసుకొని పోవచ్చు. అడగనక్కరలేదు. మా ఊళ్లో ప్రతి పెరటికీ ఇదే ధర్మం. చిగురు తుంచరాదు, పక్క ఆకులే కోయాలి, కట్టుబాటు అంతవరకే.

గంజాయి ఆకు థోంగ్లా వంటలో కోడిపులుసుకు చేరేది. కుండకు ఐదు ఆకులు. ఆరవది ఎన్నడూ వేయదు. కారణం అడిగితే, "ఐదాకులకి ఆకలి పుడతాది పంతులుగారూ. ఆరేస్తే నిద్ర పుడతాది. అందరూ పడుకుంటే నాట్లెవరు వేస్తారు?" అనేది. పూతను పొగకని అడిగిన వారికి ఏనాడూ ఇవ్వలేదు. ఒకసారి పొరుగూరి యువకులిద్దరు కంచె దగ్గర నిలబడి నసుగుతుంటే, పార పక్కన పెట్టకుండానే చెప్పింది: "ఆకలేస్తే చెప్పండి, అన్నం పెడతాను. ఊగాలనుంటే గుడిదగ్గర ఉయ్యాలుంది, ఎక్కండి." పంచశీలాల్లో ఐదవదానిని, మత్తు కూడదన్నదానిని, నేను గ్రంథాల నుండి బోధిస్తాను. ఆమె దానిని ఆకుల లెక్కతో ఆచరించింది.

ఆ విత్తు ఆమెకు తల్లి ఇచ్చినది. పెళ్లినాడు ఎండిన సొరబుర్రలో బూడిద కలిపి పోసి, మూతి మైనంతో మూసి చేతికిచ్చిందట. "దీన్ని పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదియ్యి. ఏటేటా కొత్త విత్తు పట్టి పాతది మార్చు. రెండేళ్లు ఊరుకున్నావంటే ఇక మొలవదు" అని తల్లి చెప్పిన మాటను థోంగ్లా యాభై మూడేళ్లు పాటించింది. తల్లి చితాభస్మం విహారపు గోడలో ఉంది. తల్లి చేతి పులుసు మాత్రం ఆ బుర్రలో ఉండేది.

ఆ యాభై మూడేళ్లలో అధికభాగం ఆ మొక్కను పెంచడం నేరంగా ఉన్న కాలం. ఒక ఏడు పట్టణం నుండి అధికారి ఒకాయన వచ్చాడు. థోంగ్లా పీట వేసి, జిగురన్నపు బుట్ట ముందుంచి, పులుసు వడ్డించింది. ఆయన రెండుసార్లు పోయించుకొని తిన్న తరువాత, ఈ ఇంట గంజాయి ఉన్నదని మాకు తెలిసిందన్నాడు. "ఉంది బాబూ, ఇప్పుడు తమరు తిన్నారు" అని ఆమె లేచి వెళ్లి, రెండు మొక్కలనూ తన చేతులతో పెకలించి, వేళ్లు కడిగి, అరటాకులో చుట్టి ఆయనకు అప్పగించింది. ఇంకా మొక్కలున్నాయా అని ఆయన అడిగితే లేవన్నది, అది సత్యమే. విత్తనం సంగతి ఆయన అడగలేదు. ఆయన నెత్తికి జానెడు పైన బుర్ర వేలాడుతూనే ఉంది. ఆ తరువాత చాలాకాలం ఆమె మొక్కలను ఒకటి రెండుగా, అలసందపందిరి చాటున పెంచింది గాని మానలేదు. చట్టాన్ని ధిక్కరించాలన్న పౌరుషం ఆమెలో అణువంత లేదు. తల్లి అప్పగించినది తన చేతిలో అంతరించరాదన్న దీక్ష ఒక్కటే ఉండేది.

పదేళ్ల క్రిందట ఆమె భర్త బున్‌తాకు కడుపులో శస్త్రచికిత్స జరిగింది. ప్రాణం నిలిచింది గాని నాలుకకు రుచి పోయింది. ఏది పెట్టినా గడ్డి నమిలినట్టుందని పళ్లెం నెట్టివేసేవాడు. ఆ ఐదాకుల పులుసు ముందు మాత్రం చేయి ఆగేది కాదు. అప్పటి నుండి ఆ సొరబుర్ర తల్లి జ్ఞాపకం మాత్రమే కాకుండా పెనిమిటి కంచంలోని అన్నం కూడా అయింది.

చట్టం మారి గంజాయిని ఇంట పెంచుకోవచ్చన్న ఏడాది, జూన్ వానలకు ముందు, ఊరు ఊరంతా థోంగ్లా వాకిట నిలిచింది. అందరికీ ఆమె విత్తే కావాలి. లేదనడం ఆమెకు రాదు. ఇంటికొక చిటికెడు చొప్పున బుర్ర వంచింది.

మెట్ల మీద కూర్చున్న బున్‌తా ఊరుకోలేదు. "బుర్ర అడుగు కనపడతాంది చూసుకో. నీతో కాపురం చేసి నా బుర్ర కూడా ఇట్టాగే అయిపోయింది."

"నీ దాంట్లో మొదటినించీ బూడిదే గదయ్యా. విత్తెప్పుడుంది?" అని ఆమె మరొక ఇంటికి చిటికెడు పోసింది.

తనకని నాలుగు గింజలు మిగుల్చుకుంది. నాలుగు చాలునని ఆమె లెక్క. అయితే ఆ ఏడు ఊరివారు పల్లపు నేలలో నాటినవి సెప్టెంబరు వానలకు వేళ్లు కుళ్లి పడిపోయాయి. "చట్టం వదిలింది గానీ వాన వదల్లేదు" అని బున్‌తా నవ్వాడు. మెరకన బతికిన మొక్కల ఆకును రహదారి మీది నూడుల్స్ దుకాణాలకు దూసి ఇచ్చేశారు. ఆకు దూసిన మొక్క గింజ పట్టదు. థోంగ్లా నాలుగింటిలో ఒకటి వానకు పోయింది. ఒకటి మగమొక్క, పుప్పొడి రాలిన పిమ్మట దానిని తీసివేసింది. ఒకటి కుండకు. నాల్గవది విత్తుకు.

ఆ నాల్గవ మొక్క మొదట ఆమె తెల్లని నూలుదారం కట్టింది. బిడ్డకు జ్వరం విడిచినప్పుడు, మనిషి దూరప్రయాణం కట్టినప్పుడు, మా పెద్దలు ముంజేతికి ఇటువంటి దారమే కట్టి, చెదిరిన ప్రాణాలను పేరుపేరున ఒంటికి పిలుస్తారు. థోంగ్లా తన తల్లిని చూసి నేర్చి, ప్రతి ఏడూ విత్తుమొక్కకు ఆ రక్ష కట్టేది. దారమున్న మొక్కను తాకరాదని ఊరిలో చిన్నపిల్లలకు సైతం తెలుసు.

పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు ఒరథైకి తెలియదు. ఆమెది సముద్రపు ఒడ్డున చంథబురి, పండ్లతోటల సీమ. అక్కడ విహారానికి మొక్కుకున్న కొమ్మకు తెల్లదారం కట్టి, కాయ పండాక కోసుకొనిపోయి సమర్పిస్తారు. ఆమె కన్నవారింట అటువంటి కొమ్మలు ఏటా రెండు మూడు ఉండేవి.

కార్తిక పూర్ణిమకు ముందునాడు మా విహారంలో ఏటేటా మందు నూరుతారు. విహారపు పెద్ద భిక్షువు భంతే ఇంథా పర్యవేక్షణలో, ఊరి స్త్రీలు రోళ్లు తెచ్చి, దుంపలూ బెరళ్లూ ఆకులూ దంచి, వాతానికి నిద్రకు ఉండలు కడతారు. తాటాకు గ్రంథంలోని పాళ్లు చదివి వినిపించడం నా పని. ఆ ఏటి మందులో మొదటిసారిగా గంజాయి ఆకు, పూత బాహాటంగా చేరనున్నాయని ఊరంతా తెలుసు. ఆ పూట థోంగ్లా వరికోతకు పోయింది. మొక్క మీద గింజలు ముదిరి, మరి మూడు రోజుల్లో కోయవలసి ఉంది.

ఒరథై కంచె మీదుగా చూసింది. దారం ఉంది, పూత పండింది, రేపే పున్నమి, ముసలావిడ పొలంలో ఉంది. కొడవలితో మొక్కను మొదలంటా కోసి, కడిగిన పళ్లెంలో పెట్టి, నెత్తిన పెట్టుకొని విహారానికి వచ్చింది.

మధ్యాహ్నం భర్తకు అన్నం పెట్టడానికి ఇంటికి వచ్చిన థోంగ్లా రాత్రి కుండకని ఆకు కోయబోయి, వంగచెట్ల నడుమ జానెడు మోడును చూసింది. అప్పటి మాటలన్నీ బున్‌తా నాకు తరువాత చెప్పాడు.

"ఇక్కడి మొక్కేమైందయ్యా?"

"పక్కింటి పిల్ల గుడికి పట్టుకపోయింది. పళ్లెంలో పెట్టుకోని, దణ్ణం పెట్టుకోని మరీ పోయింది. నువ్వే పంపించావనుకున్నాను."

ఆమె మోడు పక్కన గొంతు కూర్చుని, రాలిన గింజ ఏదైనా ఉందేమోనని మట్టి చేత్తో జల్లించింది. ఒక్కటీ లేదు. ఒరథై అంత జాగ్రత్తగా కోసింది.

"నేను ఆపుండాల్సింది" అన్నాడు బున్‌తా.

"గుడికని చెప్పినదాన్ని ఎట్టా ఆపుతావు? పులుసు మూకుట్లో ఉంది, తిను. ఇవాళ్టికి ఆకుంది."

ఆ 'ఇవాళ్టికి' అన్న మాట విన్నాక పళ్లెం పక్కన పెట్టేశానని బున్‌తా నాతో అన్నాడు.

థోంగ్లా విహారానికి వచ్చేసరికి మండపంలో పదిమంది స్త్రీలు దంచుతున్నారు. ఒరథై ఆమెను చూసి మొహమంతా వెలుగు చేసుకొని ఎదురు వెళ్లింది.

"పెద్దమ్మా, మీకు ఎండలో నడక తప్పించాను. మీ మొక్క నేనే తెచ్చి ఇచ్చేశాను. కప్పియం కూడా నేనే చేశాను, భంతే చేయించారు."

ఆ కర్మ సంగతి చెప్పాలి. మొలవగల గింజను చెరచడం భిక్షువుకు నిషిద్ధం. గింజతో ఉన్న కాయ గాని పూత గాని విహారానికి వచ్చినప్పుడు, గృహస్థులలో ఒకరు దానిని నిప్పుతోనో కత్తితోనో గోరుతోనో తాకి గాయపరచి, "కప్పియం, భంతే" అని పలకాలి. అప్పుడే అది యోగ్యమవుతుంది. రాశి ఒక్కటైతే ఒక్క గింజను తాకినా రాశి అంతటికీ చెల్లుతుంది.

థోంగ్లా నేరుగా పళ్లెం దగ్గరకు నడిచింది. "నిప్పుతోనా?" అని మాత్రం అడిగింది.

"లేదు పెద్దమ్మా, గోరుతో. ఒక్క గింజనే."

మా ధర్మంలో మరొక మర్యాద ఉంది. పరులు చేసిన పుణ్యాన్ని చూసినవారు చేతులు జోడించి 'సాధు' అనాలి. మనస్ఫూర్తిగా అన్నవారికి ఆ పుణ్యంలో పాలు దక్కుతుంది, అనలేనివారికి లోభం అంటుతుంది. అక్కడ పదిమంది చూస్తున్నారు. థోంగ్లా పళ్లెంలో పడుకున్న తన మొక్కను చూసింది. యాభై మూడేళ్లు ఆ కాండం మీద నిలిచి ఉన్నాయి. ఆమె చేతులు జోడించి, నుదుటికి తాకించి, "సాధు" అన్నది. తరువాత ఒక రోలు ముందు కూర్చుని రోకలి అందుకుంది.

అనేక దానకథలు నేను పాళీలో చదివాను, చదివించాను. రాజులు ఏనుగులనిచ్చారు, దేహాన్నిచ్చారు. అడగకుండా తీసుకుపోబడినదానిని, నష్టం పూర్తిగా తెలిసి, ఒక్క మాటలో దానంగా మార్చిన మనిషిని కళ్లారా చూడడం నాకు అదే మొదలు.

పెద్ద భంతే ఇంథాకు ఎనభై దాటాయి. చూపు మందగించినా వేళ్లకు తెలుస్తుంది. వస్తువులను పరిశీలిస్తూ పళ్లెం దగ్గరకు వచ్చి, కాండం మొదట్లో వేలాడుతున్న దారాన్ని చూపి అడిగాడు.

"ఈ దారం ఎవరు కట్టారు?"

"నేనే భంతే" అన్నది థోంగ్లా.

"భిక్షుసంఘానికని కట్టావా?"

ఆమె రోకలి ఆపింది. "ఇప్పుడు సంఘానిదే భంతే."

"ఇప్పటి సంగతి నేనడగలేదమ్మా. కట్టిన రోజు సంగతి చెప్పు."

ఆమె ఎన్నడూ అబద్ధమాడలేదని మా అందరికీ తెలుసు; అధికారి ముందే ఆడలేదు. నిజం చెబితే పదిమందిలో ఆ కొత్తకోడలు తలవంచుకోవాలి.

"కట్టిన రోజు దాని ప్రాణానికి కట్టాను. విత్తుమొక్క అది" అని, వెంటనే ఒరథై వైపు తిరిగింది. "నీ తప్పు లేదమ్మా. మీ ఊళ్లో దారమంటే మొక్కుబడే గదా, నాకూ తెలుసు. మా ఊరి దారం సంగతి నీకు చెప్పాల్సింది నేను. పక్కింటికి పిల్ల వచ్చి ఆర్నెల్లయితే తోట చూపించలేదు, ఎంత బద్ధకమో చూడు నాది."

రోళ్లన్నీ ఆగిపోయాయి. దంచుతున్నవారిలో ఒకామె, బుర్రలో ఇంకా విత్తు లేదా అని అడిగింది. థోంగ్లా లేదన్నట్టు తల ఊపింది. అడిగిన ఆమె తల దించుకుంది. జూన్‌లో చిటికెడు తీసుకుపోయి, ఆకు దూసి అమ్మినవారిలో ఆమె ఒకతె.

"అయితే తీసుకుపోండి పెద్దమ్మా, నేనే గదా తెచ్చింది" అన్నది ఒరథై కన్నీళ్లతో.

"సాధు అన్నాక తీసుకుపోతే అది నోరా, గిన్నె మూతా?" అని థోంగ్లా మళ్లీ రోకలి ఎత్తింది. సంఘానికి ఇచ్చినదానిని సంఘం పెద్ద కూడా తన ఇష్టాన గృహస్థునికి తిరిగి ఇవ్వరాదు. అది భంతేకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన నా వైపు తిరిగాడు.

"పంతులూ, పాళ్లు మళ్లీ చదువు."

నేను తాటాకు తీసి చదివాను. శొంఠి ఇంత, మిరియం ఇంత, గంజాయి ఆకు ఇంత, పూత ఇంత, విత్తు తీసినది.

"ఏం తీసినది?"

"విత్తు తీసినది, భంతే." ఆ మాటను నేను ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నాను. గొంతుతో చదివాను గాని చెవితో వినలేదు.

"మందుకు గింజ పనికిరాదు. చెరిగి పారేయాలి. థోంగ్లా, చేట అందుకో. వంటశాల వెనుక చెత్తకుప్ప ఉంది, అక్కడ పారేసి రా."

ఆమె పూతను నలిపి, చేటలో పోసి చెరగసాగింది. గింజలు ఒక వైపుకు చేరాయి. చెరుగుతూ చెరుగుతూ ఆగి, రాశిలో వేలితో వెదికి, ఒక గింజను తీసి వెలుతురుకు పట్టింది. దాని పెంకు మీద గోటిగాటు ఉంది.

"దీనికి నీ గోరు తగిలింది. ఇది సంఘానిదే" అని దానిని మందు రోట్లో వేసి, తానే దంచింది.

ఆ తరువాత చేట పట్టుకొని వంటశాల వెనుకకు నడిచి, చెప్పిన చోట, చెప్పినట్టే, పొట్టునూ గింజలనూ కుప్ప మీద పారేసింది. ఒక్క గింజ కూడా కొంగున కట్టుకోలేదు. విహారపు నేల నుండి మనకు తెలియకుండా అరికాలికి అంటుకొని ఇంటికి వచ్చే ధూళికి బదులుగా, ప్రతి కొత్త సంవత్సరానికీ ఇసుక మోసుకొచ్చి పోసే ప్రజలం మేము. ఆమె అటువంటివారిలోకెల్లా గట్టిది. చేట దులిపి, వెనుదిరిగి, మెట్ల వరకు వచ్చింది.

మండపం అంచున నిలబడి భంతే ఒరథైని చూశాడు. "అమ్మాయీ, పూర్వం భిక్షువులు దేన్ని కట్టుకునేవారో తెలుసా?"

"తెలీదు భంతే."

"జనం కుప్ప మీద పారేసిన గుడ్డలు ఏరి తెచ్చి, ఉతికి కట్టుకునేవారు. పారేసినది ఎవరిదీ కాదు. ఏరుకున్నవారిదే. వారు పారేసినవాటితో మేమింతకాలం బతికాం. మేము పారేసినదాన్ని ఎవరూ ఏరుకోరాదని ఏ గ్రంథంలోనూ లేదు. ఉందా పంతులూ?"

"లేదు భంతే" అన్నాను.

ఒరథై అప్పటికే మెట్లు దిగింది. కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుని, అరటితొక్కల మధ్య నుండి, బూడిద నుండి, ఒక్కొక్క గింజను గోటికొనతో తీసి అరచేతిలో వేసుకోసాగింది. ఈసారి గోరు తగలకుండా ఎంత జాగ్రత్త పడిందో చెప్పలేను. జూన్‌లో విత్తు తీసుకున్న ఆ స్త్రీ రోకలి వదిలి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. మరికాసేపటికి నలుగురయ్యారు. థోంగ్లా మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఆమె ఏడవడం నేను ఆనాడే చూశాను. మట్టిచేత్తో తుడుచుకోవడం వల్ల చెంప మీద గీత పడింది.

"ఆ తెల్లగా ఉన్నయి వద్దమ్మా, తాలు అవి. మచ్చలున్నయి చూసి తియ్యి" అని మాత్రం అక్కడి నుండే చెప్పింది.

ఆ ఏప్రిల్‌లో కొత్త సంవత్సరానికి ఊరివారందరూ తలా ఒక బుట్ట ఇసుక తెచ్చి విహారంలో పోశారు. థోంగ్లా రెండు బుట్టలు మోసింది. రెండవది ఎందుకని నేను అడగలేదు.

జూన్‌లో గింజలు మొలిచాయి. ఇప్పుడు వంగచెట్ల నడుమ విత్తుమొక్కకు ఎర్రదారం ఉంది. తెల్లదారం చూసి ఇక ఏ సీమ పిల్లా పొరపడకూడదని ఒరథై పట్టణం నుండి ఉండ కొని తెచ్చి, థోంగ్లా చేత కట్టించింది. అటువంటి ఎర్రదారమే కంచెకు ఆవల, ఒరథై పెరట్లో, మరొక మొక్కకూ ఉంది.

మొన్న నేను వెళ్లినప్పుడు బున్‌తా మెట్ల మీద పులుసు తాగుతున్నాడు. పొయ్యి పైన సొరబుర్ర వేలాడుతోంది. నిండిందా అని అడిగాను.

"సగమే పంతులుగారూ" అన్నాడు. "మిగతా సగం పక్కింటి పొయ్యి మీదుంది. ఒక ఇంట్లోనే ఉంచితే ఎవరైనా పుణ్యం చేసేస్తారని మా ఆవిడకి భయం."

థోంగ్లా వినిపించుకోలేదు. కంచెకు ఆవల ఒరథై కుండలోకి ఆకులు తుంచుతుంటే, ఇవతలి నుండి లెక్క చూస్తోంది.

"ఐదు చాలమ్మా" అన్నది.